పళ్ళాయన కట్టిన స్టేషను

మేడ మీద గదిలో గుర్రుమని డ్రిల్లు చప్పుడు మొదలైందంటే పళ్ళాయన పనిలో కూర్చున్నాడని వీధి మొత్తానికీ తెలుసు. కట్టుడు పళ్ళు చేయడం ఆయన వృత్తి. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, చిగుళ్ళకి రంగు కలిపి, ఒక్కో పన్నూ నిలబెట్టి, అరగదీసి, దూది పరిచిన చిన్న డబ్బాలో పెట్టి పంపేవాడు. ఆయన చేసిన పళ్ళు పెట్టుకున్న ముసలివాళ్ళు నవ్వడానికి సాకులు వెతుక్కునేవాళ్ళు. అంతటి పనిమంతుడికి ఉన్న జబ్బు ఒక్కటే. ఇంకొకరి పని బాగుందని ఎవరైనా అంటే ఆ పూట అన్నం సయించేది కాదు.

కింది వాటాలో తోడల్లుడి కాపురం. పళ్ళాయన భార్య అక్క, కింద ఉన్నది ఆవిడ చెల్లెలు. తోడల్లుడు బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. ఏ పనైనా ఆత్రంగా మొదలుపెట్టి వంకరగా ముగించే రకం. ఒక వానాకాలం బేకరీ మెట్ల మీద జారి, కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో పడ్డాడు. ఊరికే కూర్చోవడం చేతగాక, బిస్కెట్ల అట్టపెట్టెలు కత్తిరించి మంచం పక్కన బల్ల మీద ఊరి చివరి రైల్వే స్టేషను బొమ్మ కట్టాడు.

పెద్ద స్టేషనేం కాదది. ఒక ప్లాట్‌ఫాం, పెంకుల కప్పు, నీళ్ళ ట్యాంకు, ఒక గేటు, ఒక సిగ్నలు, చుట్టూ పొలాలు. తోడల్లుడు చెట్లకి అంట్లు తోమే పీచు వాడాడు. సిగ్నలుకి ఐస్‌క్రీం పుల్ల చెయ్యి అతికించాడు. మైదాపిండి జిగురు కదా, ఆ చెయ్యి ఎన్నిసార్లు నిలబెట్టినా కిందికి వాలిపోయేది. గేటు అట్టముక్క ఎంత మూసినా మళ్ళీ తెరుచుకునేది. పట్టాల మీద కీ ఇస్తే తిరిగే పిల్లల రైలు. చూసిన మొదటి రోజే పళ్ళాయన మూతి తిప్పాడు.

"ప్లాట్‌ఫాం కంటే బెంచీ పొడుగేంటి తమ్ముడూ?"

"అందరూ సర్దుకు కూర్చుంటారని, అన్నయ్యా."

వారం తిరగకుండానే ఆ రైలు సాయంత్రం పూట స్టేషన్లో ఆగడం మొదలుపెట్టింది. గోరంత మనుషులు దిగేవాళ్ళు. బెంచీ మీద కాసేపు కూర్చుని, మూటలు సర్దుకుని, గేటు దాటి, బల్ల అంచుదాకా నడిచి కనపడకుండా పోయేవాళ్ళు. మర్నాడు మధ్యాహ్నానికి ఆ మనుషులే మామూలు సైజులో కింది వాటా తలుపు కొట్టేవాళ్ళు.

"ఎంతమంది దిగారూ?" అని వంటింట్లోంచి పళ్ళాయన మరదలు మొగుణ్ణి అడిగేది.

"ముగ్గురు. ఒకాయన చేతిలో గొడుగుంది."

"గొడుగంటే పెద్ద మావయ్యే. ఇంకో గ్లాసు బియ్యం నానెయ్యాలి. ఆయనకి మంచం కూడా దులపాలి."

అంతే. దాని గురించి ఇంకెవరూ మాట్లాడింది లేదు. పాలవాడు మాత్రం కిటికీలోంచి తొంగిచూసి, రేపు పాలు ఎన్ని ఎక్కువ పొయ్యాలో చూసుకుని వెళ్ళేవాడు.

కింద ఇల్లు ఎప్పుడూ సంతలా ఉండేది. చెప్పులు మెట్ల దాకా పరుచుకునేవి. పైన మాత్రం నెలల తరబడి పళ్ళాయన చెప్పుల జత ఒక్కటే. పళ్ళాయన భార్య సాయంత్రం కాగానే చెల్లెలి దగ్గరికి దిగిపోయి, ఆ రైలు ముందు కూర్చుని, ఎవరొస్తారా అని చూసేది. ఆవిడ నవ్వు మెట్ల మీంచి పైకి వినపడేది. ఆ నవ్వు తన ఇంట్లో విని చాలా కాలమైందని గుర్తొచ్చి పళ్ళాయనకి కడుపులో మంట లేచేది. ఆ మంటని ఆయన అజీర్తి అనుకుని మాత్రలు మింగేవాడు.

మాత్రలతో తగ్గలేదు. దాంతో తనూ ఒక స్టేషను కట్టాలని నిశ్చయించుకున్నాడు. కడితే చూసినవాళ్ళు కిందది తీసుకెళ్ళి చెత్తబుట్టలో వెయ్యాలి.

కెమెరా పట్టుకుని ఎర్రటి ఎండలో ఊరి చివరికి వెళ్ళి ఫోటో తీసుకొచ్చాడు. దాన్ని గోడకి అంటించి, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. చిగుళ్ళకి కలిపే రంగులోనే ఇంకాస్త ఎరుపు కలిపి పెంకులు పోశాడు. ఒక్కో పెంకూ విడివిడిగా చేసి, అంచులు అరగదీసి పేర్చాడు. గోడ మీద వాన చారలు వేశాడు. నీళ్ళ ట్యాంకుకి తుప్పు పట్టించాడు. పట్టాల మధ్య కంకర కోసం పాత అచ్చులు దంచి జల్లెడ పట్టాడు. ఫోటోలో బెంచీ నీడలో పడి కనపడలేదు కాబట్టి బెంచీ పెట్టలేదు. ఫోటో తీసింది రైళ్ళు లేని మిట్టమధ్యాహ్నం కదా, అందులో గేటుకి తాళం ఉంది, సిగ్నలు చెయ్యి అడ్డంగా చాచి ఉంది. ఆయనా గేటు మూసి, ఆవగింజంత తాళం పెట్టి, సిగ్నలు చెయ్యి అడ్డంగా నిలిపి, పళ్ళు అతికించే సిమెంటుతో బిగించాడు. ఆ సిమెంటు నోట్లో ఇరవై ఏళ్ళున్నా ఊడదు.

భార్య టీ పట్టుకొచ్చి చాలాసేపు చూసింది.

"ఎంత బాగుందండీ! అచ్చం మన స్టేషనే."

పళ్ళాయన ప్రాణం లేచొచ్చింది.

"కానీ సిగ్నలు చెయ్యి వాలితేగా బండి లోపలికొచ్చేది? అలా అడ్డంగా ఉంటే ఎలా వస్తుంది, పాపం?"

"ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉంది. నీకు తెలీకపోతే ఊరుకో."

ఆవిడ టీ గ్లాసు అక్కడ పెట్టి కిందికి వెళ్ళిపోయింది. ఆయన ఖరీదైన మోటారు రైలు తెచ్చి పట్టాలెక్కించాడు. అది బుద్ధిగా పొలాలన్నీ చుట్టి, సిగ్నలు దాకా వచ్చి, ఆగి, ఒకటే కూతలు పెట్టింది. చక్రాలు తుడిచాడు. తీగలు మార్చాడు. రైలునే మార్చాడు. కొత్తదీ అక్కడే ఆగి కూసింది. కింద తోడల్లుడి తుక్కు రైలు రోజూ మనుషుల్ని దింపుతూనే ఉంది. 'కుంటివాడికి కూడా అదృష్టం ఉరుకుతూ వస్తుంది' అని పళ్ళాయన గొణుక్కుని, అన్నందుకు సిగ్గుపడి, ఇంకోసారి కూడా అనుకున్నాడు.

ఈ కుళ్ళు ఆయనకి కొత్త కాదు. అది ఒకసారి సొంత కూతురి మీదే పడింది. ఒక్కగానొక్క కూతురు. ఆయన పక్కనే కూర్చుని పని నేర్చుకుంది. ఒకరోజు ఒక డాక్టరు, "ఈసారి పళ్ళసెట్టు మీ అమ్మాయి చేతే చేయించండి, ఆమెది అంచు ఇంకా నున్నగా వస్తోంది" అని మంచిగానే అన్నాడు. ఆ సాయంత్రం కూతురు డ్రిల్లు అందుకోబోతే పళ్ళాయన లాక్కున్నాడు. "ఒక గదిలో ఇద్దరు పనివాళ్ళు అక్కర్లేదు" అన్నాడు. ఆ పిల్ల తండ్రి మొహంలోకి చూసి, నీలం సంచీ భుజాన వేసుకుని వేరే ఊళ్ళో పనిలో చేరింది. పండక్కీ పబ్బానికీ రాలేదు. పిన్నికి మాత్రం ఫోన్ చేసేది. ఆ సంగతి తెలిసీ తెలియనట్టు ఉండేవాడు గానీ, ఆ ఫోను మోగినప్పుడల్లా ఆయన పైన నేలకి చెవి ఆనించినంత పని చేసేవాడు.

ఒక సాయంత్రం తోడల్లుడు కట్టు విప్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో ఉన్నారు. పళ్ళాయన ఏదో పని ఉన్నట్టు కిందికి దిగి, ఎవరూ లేరు కదా అని బల్ల ముందు నిలబడ్డాడు. రైలు వచ్చి ఆగింది. ఒక్క మనిషి దిగింది. భుజాన నీలం సంచీ, ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగిన నడక. భూతద్దం అక్కర్లేకపోయింది.

ఒక్క క్షణం ఆయనకి నేల మీద కాళ్ళు ఆనలేదు. కూతురు వస్తోంది! వెంటనే అసలు సంగతి తట్టింది. వస్తోంది, కానీ ఈ వంకర స్టేషనుకి వస్తోంది. రేపు కొట్టేది ఈ తలుపే. పిన్ని ఇంట్లో తిని, బాబాయితో నవ్వి, మెట్లెక్కకుండానే వెళ్ళిపోతుంది. చెప్పుల్లో ఇంకో జత చేరుతుంది, అంతే.

"ఎంతమంది బావగారూ?" వంటింట్లోంచి మరదలి గొంతు.

"ఎవరూ లేరమ్మా. ఖాళీ బండి" అన్నాడు.

జేబులో పళ్ళడబ్బా ఉంది. గుడ్డు కంటే జాగ్రత్తగా కూతుర్ని అందులో దూది మీద కూర్చోబెట్టి, మూత కొంచెం ఓరగా పెట్టి, మెట్లెక్కి, తన స్టేషను ప్లాట్‌ఫాం మీద దించాడు.

ఆ పిల్ల చుట్టూ చూసింది. గోడ దగ్గరికి వెళ్ళి వాన చారల మీద వేలు పెట్టింది. మెడ ఎత్తి పెంకుల అంచులు చూసి తల ఊపింది. పనిమంతుడి పిల్ల కదా. పళ్ళాయన ఛాతీ ఉప్పొంగింది. తరవాత గేటు దగ్గరికి నడిచి తోసింది. కదల్లేదు. ఇటూ అటూ చూసి, కూర్చోడానికి బెంచీ లేక, సంచీ మీదే కూర్చుంది. 'రేపు పొద్దున దారి దొరుకుతుందిలే' అని ఆయన తనకి తనే సర్దిచెప్పుకుని దీపం తగ్గించాడు.

మర్నాడు మధ్యాహ్నం అయింది. ఎవరూ రాలేదు. కింద ఫోను మోగింది. కాసేపటికి మరదలు ఫోను చెవిన పెట్టుకునే మెట్లెక్కి వచ్చింది, వెనకాలే పళ్ళాయన భార్య.

"అక్కా, పిల్ల నిన్ననే దిగిందట!" అని ఫోనులోకి తిరిగి, "మీ బాబాయి కర్ర పట్టుకుని స్టేషనుకెళ్ళి చూసొచ్చాడే, గేటు బార్లా తీసుంది, నువ్వక్కడ లేవు. ఎక్కడున్నావే?" అని ఫోను అందరికీ వినపడేలా పెట్టింది.

"ప్లాట్‌ఫాం మీదే ఉన్నా పిన్నీ" అంది కూతురి గొంతు. "భలే నీటుగా ఉంది. ఒక్క ఎండుటాకు లేదు. ఒక్క మనిషీ లేడు. గేటుకి తాళం. ఎక్కి దూకుదామంటే చెయ్యి జారిపోతోంది, అంత నున్నగా చేశారు. అవతల బండి ఒకటి వచ్చి సిగ్నలు దగ్గర నిలబడి కూస్తోంది. అది లోపలికొస్తే ఎక్కి వెనక్కి వెళ్ళిపోతా. నావల్ల కాదు."

పళ్ళాయన భార్య బల్ల వైపు చూసింది. మూత తీసిన పళ్ళడబ్బా చూసింది. తరవాత మొగుడి వైపు చూసింది.

"పిల్లకి తిండి లేదండీ నిన్నట్నుంచి" అని మాత్రం అంది.

తిట్టి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది. డ్రిల్లు తీశాడు. ఆ సిమెంటు ఇంక దేనికీ లొంగదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? కోసి తీరాలి. గేటు తెరిస్తే కూతురు కింది వాటాకే పోతుంది. సిగ్నలు దించితే బండెక్కి తను పనిచేసే ఊరికే పోతుంది. ఎటు చూసినా పైన మిగిలేది ఆ ఒక్క జత చెప్పులే. చేతిలో డ్రిల్లు గుర్రుమంటోంది, ఆయన మాత్రం కదల్లేదు.

"పిన్నీ, ఏదో చప్పుడు..." అంది ఫోనులో గొంతు. అని ఆగిపోయింది.

పళ్ళాయన డ్రిల్లు మొన గేటుకి ఆనించాడు. తాళం పొడి పొడిగా రాలింది, గేటు ఊచ ఒకటి విరిగి దారి తెరుచుకుంది. జీవితంలో మొదటిసారి ఆయన గురి తప్పింది. మొన జారి స్తంభానికి తగిలి, సిగ్నలు చెయ్యి పుటుక్కున విరిగి కిందికి వాలింది. అప్పటిదాకా కూస్తున్న బండి మెల్లగా కదిలి వచ్చి ప్లాట్‌ఫాం పక్కన ఆగింది.

పిల్ల లేచి నిలబడింది. సంచీ భుజాన వేసుకుంది. ఒక పక్క తలుపు తెరుచుకున్న బండి, ఒక పక్క విరిగిన గేటు. గదిలో ముగ్గురూ బల్ల మీదికి వంగారు. 'ఎక్కెయ్యకే తల్లీ, కిందికే వెళ్ళు, అక్కడే తిను, అక్కడే ఉండు, నాకేం బాధ లేదు' అని పళ్ళాయన లోపల్లోపల గొణిగాడు. బాధ ఉంది. చాలా ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

బండి కూత వేసి ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ పిల్ల గేటు దాటి, బల్ల అంచుదాకా నడిచి, కనపడకుండా పోయింది.

ఎండ తగ్గేవేళకి వీధి గేటు చప్పుడైంది. కింది వాటా దగ్గర అడుగులు ఆగాయి. మరదలు తలుపు తీసినట్టుంది, ఏడుపూ నవ్వూ కలిసి వినపడ్డాయి. పళ్ళాయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అంతలో మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి. ఒక పక్కకి ఒరిగే నడక.

కూతురు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది. ఆయన నోటికి వచ్చింది ఒక్కటే మాట.

"కిందనే తినేశావా?"

"లేదు నాన్నా. పిన్ని రమ్మంది. గేటు తీసినవాళ్ళింటికి ముందు వెళ్ళాలి కదా అన్నాను."

"నేనని ఎలా తెలిసింది?"

"పుట్టినప్పట్నుంచీ ఆ డ్రిల్లు చప్పుడు వింటూ నిద్రపోయినదాన్ని. తెలీదా?"

వాళ్ళమ్మ కంచం పెట్టడానికి పరిగెత్తింది. కూతురు మాత్రం బల్ల మీదికి వంగి, విరిగిన గేటు ఊచ మీద వేలు పెట్టి చూసింది.

"గరుగ్గా వదిలేశావు. వచ్చేపోయేవాళ్ళ చెయ్యి గీరుకుంటుంది."

పళ్ళాయన డ్రిల్లు తిప్పి, పిడి అటు వైపు పెట్టి కూతురికి అందించాడు. తను కుర్చీలోంచి లేచి, జరిగి, స్టూలు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల ఊచ అంచు గుండ్రంగా తిప్పి నునుపు చేసింది. భూతద్దం పెట్టుకుని చూశాడు. తన పని కంటే బాగా వచ్చింది. కడుపులో చురుక్కుమంది. ఈసారి మాత్రకి లేవలేదు.

"ఆ సిగ్నలు చెయ్యి కూడా అతికించనా నాన్నా?"

"వద్దు. అలా వాలే ఉండనీ" అన్నాడు. "ముందు ఒక బెంచీ చేద్దాం. కింద వాళ్ళ దానికంటే పొడుగ్గా."