తాగని కాఫీ

ఇటుక బట్టీ గేటు ముందు నలుగురు చచ్చిపోవడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళు అడిగింది మంచినీళ్ళు. మా ఎడారి దేశపు జూలై ఎండలో బట్టీ పక్కన పనిచేసేవాళ్ళకి రోజుకో ట్యాంకరు, అంతే. ఆ బట్టీలో వాటా ఉన్న బ్రిగేడియర్ మిజ్బాన్ జీపు దిగి, చెయ్యి పైకెత్తి దించాడు. అతని సైనికుల తుపాకులు పేలాయి. మొదట పడ్డవాడు వాసిక్, మా అక్క రస్మియా కొడుకు. నేను పదడుగుల దూరంలో ఇటుకల దొంతి వెనక దాక్కున్నాను. ఆ సంగతి కూడా చెప్పి తీరాలి.

మా కోర్టులో కేసు నడవలేదు. రెండేళ్ళ తర్వాత ఒక పరాయి ప్రభుత్వం తన ఆంక్షల జాబితాలో మిజ్బాన్ పేరు పెట్టింది. మనుషుల్ని చంపించాడని, జనం సొమ్ము తిన్నాడని రాసింది. అక్కడ అతను కొన్న మేడకి తాళం పడింది. ఆ దేశంలో అడుగు పెట్టకుండా వీసా రద్దయింది.

బట్టీలో అందరం మిఠాయి పంచుకున్నాం. మా కూలీల సంఘం పెట్టిన మత్రూద్ మాత్రం ముట్టుకోలేదు.

"మన మీద బాంబులేసినవాళ్ళు మనకి న్యాయం చేస్తారా? అవసరమైతే రేపే వాడి పేరు కొట్టేస్తారు."

"కొట్టేస్తే కొట్టేశారు. నా కొడుకుని చంపారని ఇవాళ్టికి ఒక్క కాగితమైనా ఒప్పుకుంది" అంది అక్క.

పేరు కొట్టేయించుకోవడానికి మిజ్బాన్ దారి వెతికాడు. ఇరవైమంది పెద్దల్ని వెంటబెట్టుకుని అక్క ఇంటికొచ్చాడు. మా దగ్గర, కోరికతో వచ్చిన అతిథి కాఫీ అందుకుని తాగకుండా నేల మీద పెడతాడు. ఇంటి పెద్ద "తాగండి" అంటే ఆ కోరికకి ఒప్పుకున్నట్టే. బావ పోయాక ఆ ఇంటికి పెద్దని నేనే.

మిజ్బాన్ కప్పు కింద పెట్టాడు. "చాసిబ్ అన్నా, నా మీద మీ మనసుల్లో ఏమీ ఉంచుకోవద్దు. నేను అడిగేది అదొక్కటే."

అందరి కళ్ళూ నా మీదే. అతిథి కాఫీ చల్లారుతుంటే చూస్తూ కూర్చోవడం మా నాన్న నాకు నేర్పలేదు. తెర వెనక అక్క ఉంది. ఆమెను ఒక్క మాట అడగాలని తోచలేదు. కొంత మర్యాద, ఎక్కువ భయం. "తాగండి" అన్నాను.

ఎవరో ఫోన్‌లో తీశారు. నెల తిరక్కుండా ఆ వీడియోని అతని లాయరు పరాయి ప్రభుత్వానికి పంపాడు. చచ్చినవాడి ఇంటివాళ్ళకే ఫిర్యాదు లేదని టీవీలో చెప్పారు.

అక్క బట్టీకే వచ్చింది. "నా కొడుకుని వాళ్ళకి ఇచ్చేయడానికి నువ్వెవడివిరా? కన్నావా, పెంచావా? దొంతి వెనక నక్కినోడికి పెద్దరికం ఒకటి!"

నేను నక్కిన సంగతి ఆమెకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం తిండివేళ సంఘం కూర్చుంది.

"చాసిబ్‌ని వెలెయ్యాలి!"

"వెయ్యండి. ఆ తర్వాత?" అన్నాడు మత్రూద్. "గురువారం మిజ్బాన్ మనందరికీ విందు పెడుతున్నాడు. వాడి గొర్రె మాంసం తింటూ మనం నవ్వుతుంటే వీడియో తీస్తారు. అదీ అక్కడికే పోతుంది."

"అయితే పోవద్దు!"

"మనం పోకపోతే ఇంకెవరినో కూర్చోబెడతాడు."

నేను లేచాను. "పోదాం. చెడిపింది నేను. ముందు వరసలో నన్ను కూర్చోనివ్వండి."

"మళ్ళీ నిన్ను నమ్మమంటావా?" అన్నాడు ఒక ముసలాయన.

"నమ్మొద్దు బాబాయ్. పక్కనే కూర్చుని చూడు."

గురువారం మిజ్బాన్ రెల్లు చావడిలో ఎనభైమందిమి కూర్చున్నాం. ఎదురుగా కెమెరా పెట్టారు. కాఫీ పోసేవాడి చేతిలో ఐదు కప్పులే ఉంటాయి, ఒకరు తాగాక ఇంకొకరికి. మొదటిది నాకిచ్చాడు. తాగకుండా చాప మీద పెట్టాను.

"అడుగన్నా, అడుగు! నీకు కాదంటానా?" అన్నాడు మిజ్బాన్, కెమెరా వైపు నవ్వుతూ.

"చచ్చిన నలుగురి పేర్లు చదవండి. కాల్చమన్నది ఎవరో చెప్పండి. అప్పుడు తాగుతాను."

అతని నవ్వు పోయింది. కాఫీ పోసేవాడికి కానివ్వమని సైగ చేశాడు. ముసలాయన తన కప్పు కింద పెట్టాడు. మూడోవాడు, నాలుగోవాడు, మత్రూద్. కప్పులు అయిపోయాయి. మిగిలినవాళ్ళు జేబుల్లోంచి ఇంటి టీ గ్లాసులు తీసి ముందు పెట్టుకున్నారు.

"కెమెరా ఆపరా!"

"మాది ఆగదు" అన్నాడు మత్రూద్, ఫోన్ ఎత్తిపట్టి.

"తాగండి" అంటే ఒప్పుకున్నట్టు. గెంటేద్దామంటే మేం అతిథులం. మాంసం పళ్ళేలు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. అంత పెద్ద బ్రిగేడియరూ మీసం తడుముకుంటూ కూర్చున్నాడు.

గడప దాటాక అతిథిని కాను కదా, రోడ్డు మీద పోలీసులు నన్ను పట్టుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం స్టేషన్ అధికారి నన్ను కిటికీ దగ్గరికి ఈడ్చాడు. బయట రోడ్డంతా జనం. బట్టీవాళ్ళు, ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు. ప్రతివాళ్ళ ముందూ నిండు గ్లాసు. అందరికంటే ముందు అక్క. ఆమె ముందున్న అంచు పగిలిన గ్లాసు వాసిక్‌ది.

"ఇంటి పెద్దవి కదా. తాగి ఇళ్ళకి పొమ్మను. ఒక్క మాట, నిన్నూ వదిలేస్తాం."

ఒక్క మాటే. ఒకసారి ఎంత తేలిగ్గా అనేశాను!

అక్క కిటికీ వైపు చూసింది. ఆ చూపులో క్షమ లేదు. నేను అడగలేదు కూడా. ఏమంటానోనని చూస్తోంది, అంతే.

"ఆ పెద్దరికం నాది కాదయ్యా. పోయి ఆవిణ్ణి అడుగు" అన్నాను, బయటికి వినబడేలా.

దవడ మీద కొట్టాడు. తర్వాత గేటు దాకా పోయి ఏదో అన్నాడు. అక్క లేవలేదు. చచ్చిన నలుగురిలో మొదటి పేరు ఆమే పలికింది. రెండో పేరు రోడ్డంతా పలికింది.