ఊ కొట్టే దొర

స్పెయిన్‌లో యుద్ధం మొదలైతే పారిపోయి వచ్చిన పేద్రో దొర, మన్ననూర్ అడవిలో సీతాకోకచిలుకలు పట్టేవాడు. అతనికి వండిపెట్టే చెంచు లింగమ్మ సాయంత్రాలు కథలు చెప్పేది.

"ఊ కొట్టాలె దొరా! నువ్వు ఊ కొట్టకుంటె కథ ముంగటికి పోదు," అని కసిరేది.

తమ దగ్గర ఊ కొట్టరనీ, "ఈ ల్వేగో?" అంటారనీ అతను నేర్పాడు. తర్వాతేమైంది అని దానర్థం. చెప్పేవాళ్లకు మాట తోచకపోతే "ప్వేస్" అని కాసేపు ఆగొచ్చన్నాడు.

ఒక కథ సగంలో ఉండగా దొర చలిజ్వరంతో చనిపోయాడు. వదిలేసిన కథ గొంతులో అడ్డం పడ్డట్టుండి లింగమ్మకు అన్నం సయించలేదు. ఒక మధ్యాహ్నం సమాధి పక్కన కూర్చుని మిగతాది చెప్పేసింది.

"అయిపోయింది దొరా. ఇగ పండుకో."

మట్టిలోంచి మెల్లగా వినిపించింది. "ఈ ల్వేగో?"

పిట్టల అరుపులు ఆగిపోయాయి. లింగమ్మ లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"ఏందిది? సచ్చినా నీకు కథలేనా?" అని తిట్టి ఇంకోటి చెప్పింది. అదీ అయింది.

"ఈ ల్వేగో?"

తెలిసిన కథలన్నీ అయిపోయాక తన కథే ఎత్తుకుంది. "నేను గీ అడివిలనే పుట్టిన. బయన్నను చేసుకున్న. నీకు వండిపెట్టిన. ఇయ్యాల వచ్చి నీ పక్కన కూసున్న."

"ఈ ల్వేగో?"

ఆ తర్వాతది ఇంకా జరగలేదు.

"ప్వేస్..." అంది లింగమ్మ.

ఆమె కూర్చున్న చోట మట్టి, పక్కకు జరిగి చోటిస్తున్నట్టు, నెమ్మదిగా కుంగింది.