మాల్లో మామిడి చెట్టు

నూజివీడు పక్కన ఆగిరిపల్లి మామిడి తోటల్లో పదేళ్లు కూలికి కాయలు కోశాను. తొడిమ తెగగానే సొన చిమ్ముతుంది. మొహం పక్కకి తిప్పుకోకపోతే చర్మం కాలిపోతుంది. నా ఎడమ చెంప మీద ఆ మచ్చ ఉంది. హైదరాబాదు మెట్రో, అద్దాల మేడలు, ఆ వెలుగులు ఫోన్లో చూసి చూసి మతిపోయింది. వెళ్లిపోయాను.

దొరికిన ఉద్యోగం ఏంటో తెలుసా? పెద్ద మాల్లో ప్లాస్టిక్ మామిడి చెట్టు పక్కన పంచె, తలపాగాతో 'నూజివీడు రైతు'గా నవ్వుతూ నిలబడడం. రైతట! నాకు సెంటు భూమి లేదు. జనం కాయ కోస్తున్నట్టు ఫోటోలు దిగుతారు. రైతు చెంప మీద మచ్చ బాగోదని మేనేజరు రోజూ పౌడరు పూయిస్తాడు.

నిన్న ఒక పాప కాయ పట్టుకుని గట్టిగా లాగింది. ఆలోచించకుండానే నేను మొహం తిప్పేసుకుని, పాప కళ్లకి చెయ్యి అడ్డం పెట్టేశాను.

ఫోటో పాడైందని తల్లి కేకలేసింది. మేనేజరు పరుగున వచ్చాడు.

"కాయ కోస్తుంటే మొహం తిప్పుకుంటారా ఎవరైనా? అసలు నువ్వెప్పుడైనా మామిడి తోట చూశావా?"

"చూడలేదండీ," అన్నాను.