జారిన రాయి ఎవరిది

జర్మనీలో మా కొండకి నిలువుగా నిలబడటం తప్ప ఇంకేం చేతకాదు. కింద మోజెల్ నది, పైన ఆకాశం, మధ్యలో ద్రాక్ష తోటలు. వాటిలో మట్టి తక్కువ, నల్లటి పలక రాయి ఎక్కువ. పగలంతా ఎండ తాగి రాత్రి తీగలకి వెచ్చదనం ఇచ్చేది ఆ రాయే. అది లేకపోతే మా రీస్లింగ్ ద్రాక్ష పండదు. గట్టి వాన పడితే మాత్రం పై తోట రాయి జారి కింది తోటలోకి వచ్చేస్తుంది.

పై తోట రోస్వితాది. కింది తోట మాది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వానకే ఆవిడ గొంతు విన్నాను.

"నా రాయి నాకు పైకి పంపవయ్యా ఆల్విన్! మా తాత వీపున బుట్ట కట్టుకుని మోసిన రాయి అది!"

"దేవుడు దింపినదాన్ని ఎక్కించడానికి నేనెవర్ని?" అని కింది నుంచి మా ఆయన. చర్చికి రమ్మంటే నడుం నొప్పి అనే మనిషి, రాళ్ల దగ్గరికొచ్చేసరికి మహా భక్తుడు. అప్పటి నుంచీ ప్రతి వానకీ ఇదే భజన.

ఈ జూన్‌లో పడిన వానకి ఆవిడ తోట గోడే ఒక పక్క కూలింది. మా తీగల మొదళ్ల దగ్గర మోకాలెత్తు రాయి చేరింది. మా ఆయన మీసం దువ్వుకుని, తిట్ల కోసం తోటలో కాచుకు కూర్చున్నాడు. పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. మర్నాడూ అంతే. మధ్యాహ్నం బంగాళదుంప అట్లు వేసి పెడితే ముద్ద దిగలేదు.

"తిట్లు పడందే అరగదా నీకు? వెళ్లి చూసి రా," అన్నాను.

వెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మోకాళ్లు పనిచెయ్యట్లేదట. కోతలయ్యాక తీగలు పీకించేస్తుందట. మనుషుల్ని కూడా మాట్లాడేసింది. రాయి నన్నే ఉంచుకోమంది."

"ఇంకేం, గెలిచావుగా!"

"ఊరుకోవే ఇర్మెలా. తీగలు పీకేస్తే పైన ముళ్లకంప లేస్తుంది. అడవి పందులు కాపురం పెడతాయి."

పందులు ఒట్టి సాకు. ఆయన కళ్లు చెమర్చాయి, నేను చూశాను. ఈ కొండ మీద ఇప్పటికే ఎన్నో తోటలు అలా కంప పట్టిపోయాయి. నాకూ బాధేసింది.

తెల్లారి లేచి చూద్దును కదా, ఒకే ఇనుప పట్టా మీద కొండెక్కే చిన్న బండిలో రాయి నింపుతున్నాడు. వారమంతా గోడ పేర్చాడు, రాయి ఎక్కించాడు. దేవుడు దింపిన సంగతి గుర్తుచేస్తే వినపడనట్టు నటించాడు.

ఆఖరి బండి ఎక్కిస్తుంటే పై బాటన రోస్వితా కర్ర పోటేసుకుంటూ వచ్చి, గోడ మీద కూలబడింది.

"ఎవరు చెయ్యమన్నారయ్యా నిన్ను? అక్కడ కాదు, ఆ వరస మొదట్లో పొయ్యి! కళ్లు కనిపిస్తున్నాయా?"

మా ఆయన మొహం చేటంత అయింది.

ఆవిడ ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పింది. "ఇది మాది కాదు. మా తోటలో ఇంత నీలం రాయి లేదు. మీది కూడా ఎత్తుకొచ్చావు."

"ఉంచుకో. వచ్చే వానకి ఎలాగూ నా దగ్గరికే వస్తుంది."

రోస్వితా దాన్ని కింద పెట్టలేదు. రాయి ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

"అప్పుడు నిన్ను తిట్టడానికి నేనుండొద్దూ?" అంది. "తీగలు ఎవరు కత్తిరిస్తారు?"

"నేనే."

"నీ కత్తిరింపు మేక మేసినట్టుంటుంది. నేను కూర్చుని చెప్తాను, నువ్వు చెయ్యి."

అక్కడే జేబులోంచి ఫోన్ తీసి, తీగలు పీకేవాళ్లకి రావద్దని చెప్పింది. పచ్చటి తోట పీకడానికి సిగ్గు లేదా అని వాళ్లనే తిట్టింది.