బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు

పళ్ళు తోముకోకముందే ఏలియా జీపెక్కి బ్రేకు తొక్కాడు. చెప్పులు విప్పి, ఒట్టి పాదంతో. పెడలు సగం దాకా దిగి గట్టిపడింది. కాలు తీస్తే కిర్రుమంటూ పైకొచ్చింది.

ఆ కిర్రుమనే చప్పుడు పోగొట్టడానికి అతను చెయ్యని పని లేదు. పోలేదు. పాకలో ఒక్కడే పడుకున్నప్పుడు, తొక్కే కాలు లేకుండానే అది అప్పుడప్పుడు వినపడేది. మొదట్లో ఎలుకలనుకున్నాడు. ఇప్పుడు ఏమీ అనుకోవడం లేదు.

పెడలుకు ఎడమ అంచు అరిగిపోయి మెరుస్తోంది. తమ్ముడు పేతురు పాదం అరగదీసిన చోటది. మార్చగలిగీ మార్చకుండా ఏలియా వదిలేసిన సామాను జీపులో అదొక్కటే.

రాత్రి నుంచి ఎడమ రెట్ట లాగుతోంది. జాకీ ఎత్తినందుకేమో అనుకుని శొంఠిముక్క బుగ్గన పెట్టుకున్నాడు. ఇవాళ దాని సంగతి చూసే తీరిక లేదు. గురజాల బంగళాకు బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు. నెలకొక్కసారి వచ్చి, బళ్ళు పరీక్ష చేసి, పనికొచ్చేవాటికి సంతకం పెట్టిపోతాడు. ఆ సంతకం ఉంటేనే నంబరు. నంబరుంటే మిషను ఆసుపత్రి వాళ్ళు జీపును బాడుగకు పెట్టుకుంటారు. ఇవాళ తప్పితే వాళ్ళాగరు, వేరే జీపు చూసి పెట్టుకున్నారు. అప్పుడు పేతురు భార్య రూతమ్మ మళ్ళీ మిరప కోతలకు కూలికి పోవాల్సిందే. కారానికి ఆమె వేళ్ళు పగిలిపోయి, ఇప్పటికే అన్నం చెంచాతో తింటోంది.

యుద్ధం ముగిశాక మద్రాసులో మిలిటరీ వాళ్ళు వేలం వేసిన జీపది. స్టీరింగు ఎడమవైపుంటుంది. మాచర్ల అవతల ఆనకట్ట పని మొదలైనప్పుడు ఒక కాంట్రాక్టరు కొన్నాడు, పేతురును డ్రైవరుగా పెట్టుకున్నాడు. ఆరేళ్ళ కిందట, పట్టపగలు, వాలు దిగుతున్న జీపు ఆగలేదు. లోయలో పడింది, పేతురు అక్కడికక్కడే పోయాడు. పేతురు తాగి నడిపాడని కాంట్రాక్టరు అన్నాడు. పేతురు చుక్క ముట్టడని తెలిసినవాళ్ళు కూడా కొన్నాళ్ళకు అదే అన్నారు. పరిహారం అడిగితే, విరిగిన ఆ జీపునే ఎద్దుబండి మీద వేసి రూతమ్మ గుడిసె ముందు దింపించాడు. దాని నీడన మేకలు పడుకునేవి.

ఏలియా దాన్ని తన పాకకు తెచ్చుకున్నాడు. పగలు ఊళ్ళో వాళ్ళ లారీలు, సాయంత్రం తమ్ముడి జీపు. పెళ్ళి చేసుకోలేదు. యాభై దాటాయి. పొట్టి మనిషి, వంగిన వీపు, ఆదివారం చర్చికి పోయేటప్పుడు కూడా గోళ్ళలో వదలని నలుపు. పల్నాడు లారీల వాళ్ళకు అతని గురించి తెలిసింది ఒక్కటే. బ్రేకు బాగుచేశాక ఏలియా నోటితో హామీ ఇవ్వడు. వాలు కిందకు పోయి, బండికి ఎదురుగా గొంతుక్కూర్చుంటాడు. డ్రైవరు పైనుంచి దించుకొచ్చి ఆపాలి. ఈ అలవాటు తమ్ముడు పోయాక వచ్చింది.

జీపు విప్పిన రోజే అతనికి సంగతి తెలిసింది. బ్రేకు ఆయిలు పోయాల్సిన చోట ఎవరో ఇంజనాయిలు పోశారు. లోపలి రబ్బరు వాషరు దాన్ని తాగి నేరేడుకాయలా ఉబ్బి, గొట్టంలో బిగుసుకుపోయింది. అట్లాంటి బండిలో పెడలు రాయిలా గట్టిగా ఉంటుంది, చక్రం మాత్రం ఆగదు. ఆనాడు జీపును చూడడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు పెడలు తొక్కి, గట్టిగా ఉందని, బ్రేకులు బాగానే ఉన్నాయి, తప్పు డ్రైవరుదేనని రాసిపోయాడు.

ఆ ఇన్‌స్పెక్టరు పేరు గోపాలకృష్ణయ్య. ఇవాళ వచ్చేదీ ఆయనే.

ఉబ్బిన వాషరును ఏలియా ఖాకీ చొక్కా జేబులో వేసుకున్నాడు. రోజూ వేసుకుంటాడు.

నంబరు లేని బండి తనంతట తాను రోడ్డెక్కితే కేసవుతుందని, పొరుగు రైతు అంకారావు ఎద్దులను బతిమాలి తెచ్చారు. ముందు బంపరుకు మోకులు కడుతూ అంకారావు నవ్వాడు.

"ఏం ఏలియా మావా, జర్మనీ వాళ్ళను తరిమిన బండికి నా ఎద్దులే దిక్కయినయ్యా? రేపు పెట్రోలు బదులు తవుడు పోస్తావా ఏంది?"

ఏలియా నవ్వలేదు. స్టీరింగు దగ్గర కూర్చుని, ఎద్దులు లాగుతుంటే చక్రం తిప్పుతూ వచ్చాడు. రూతమ్మ పక్కనే నడిచింది. ఆ జీపులో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. ఊరు దాటాక, జీపు పక్కకు జరిగి చెయ్యి చాపింది.

"బావా, జేబులోది ఇటియ్యి."

"ఏందమ్మా?"

"నీ చొక్కా ఉతికేది నేను. నాకు తెలవదా? అది ఆయనకు చూపిస్తే, తప్పు రాశావయ్యా అని మొహాన చెప్పినట్టే. ఇంక సంతకం పెడతాడా?"

ఏలియా స్టీరింగు తిప్పి, జీపును ఒక గుంట తప్పించాడు.

"పోయినాయన ఎట్టాగూ రాడు. తాగాడనే అనుకోనీ. ఈ పూటకు నోరెత్తమాకు బావా."

"ఎత్తనులే," అన్నాడు. కానీ వాషరు ఇవ్వలేదు.

బంగళా దగ్గర నాలుగు లారీలు, ఒక బస్సు పరీక్ష అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గోపాలకృష్ణయ్య బట్టతల మీద రుమాలు కప్పుకుని జీపు చుట్టూ తిరిగాడు. దీపాలు చూశాడు, హారను కొట్టాడు. బాగా చేశావయ్యా, కొత్త బండిలా ఉందన్నాడు. తర్వాత వంగి, చాసిస్ మీది నంబరు తుడిచి చదివాడు. చదివి, వెంటనే లేవలేదు.

ఏలియాకు చెమటలు పట్టాయి. చొక్కా వీపుకు అంటుకుంది.

ఇన్‌స్పెక్టరు లేచి, డ్రైవరు సీటులో కూర్చుని పెడలు తొక్కాడు. అది కిర్రుమంది. ఆయన మరోసారి తొక్కాడు. ఎవరూ ఏమీ అడగకుండానే అన్నాడు.

"ఆ రోజు కూడా పెడలు గట్టిగానే ఉంది."

ఏలియా చెయ్యి జేబు మీదికి పోయింది. రూతమ్మ అతని వంకే చూస్తోంది. చెయ్యి అక్కడే ఆగింది.

"అవును సారూ," అన్నాడు. "గట్టిగానే ఉంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. వాలు దగ్గరకు పోదామన్నాడు ఇన్‌స్పెక్టరు. ఎద్దులను విప్పేశారు. ఇన్‌స్పెక్టరే స్టీరింగు పట్టాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. బంగళా వెనక గరుసు నేల వాగు దాకా దిగుతుంది. జీపు పైనుంచి రావాలి, కింద గీసిన సున్నపు గీత దగ్గర ఆగాలి. గీత చూపిస్తానంటూ ఏలియా ముందు నడిచాడు. మామూలు కంటే నెమ్మదిగా నడిచాడు. రెండుసార్లు ఆగాడు.

జీపు దిగడం మొదలుపెట్టాక, గీత అవతల, బండికి ఎదురుగా కూర్చున్నాడు.

గోపాలకృష్ణయ్యకు సగం వాలులో అతను కనపడ్డాడు. లెయ్యమని అరిచాడు. ఇంజను మోతలో మాట కలిసిపోయింది. కింద కూర్చున్న మనిషి చెయ్యెత్తాడు. రమ్మన్నట్టుంది. అంకారావు కళ్ళు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఉన్న బలమంతా కాలిలో పెట్టి తొక్కాడు. నాలుగు చక్రాలూ గరుసును గీరుకుంటూ జారి, గీత మీద ఆగాయి. బంపరుకూ ఏలియా మోకాళ్ళకూ నడుమ జానెడు దూరం.

దుమ్ము అణిగింది. ఇన్‌స్పెక్టరు దిగొచ్చాడు. గొంతులో కోపం ఉంది.

"బుద్ధుందా నీకు? లెయ్, పాసయింది."

ఏలియా లేవలేదు. గడ్డం రొమ్ముకు ఆనింది. కళ్ళు తెరుచుకుని, ఆగిన చక్రాన్ని చూస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు భుజం మీద చెయ్యి వేశాడు. ఏలియా నెమ్మదిగా పక్కకు ఒరిగాడు. పెదాల మధ్య నుంచి శొంఠిముక్క జారింది. రూతమ్మ పరుగున వచ్చి, ముఖం చేతుల్లోకి తీసుకుని, రెండుసార్లు బావా అంది. మూడోసారి అనలేదు.

జీపు వెనక పడుకోబెట్టడానికి ఎత్తినప్పుడు జేబులోంచి వాషరు రాలింది. గోపాలకృష్ణయ్య తీసి చూశాడు. వేళ్ళతో నొక్కి చూశాడు. సంతకం ఇంకా పెట్టలేదు.

"ఇదెక్కడిది?"

రూతమ్మ ఆయన చేతిలోని కలం వంక చూసింది. జీపు వంక చూసింది. తెలవదంటే సరిపోయేది.

"దీంట్లోదే సారూ," అంది. "ఆ రోజుది. మా ఆయన తాగలేదు."

ఆయన వాషరును మరోసారి తిప్పి చూశాడు. తర్వాత కాగితం బానెట్ మీద పెట్టి, సంతకం చేసి, ఆమె చేతికిచ్చాడు. ఎద్దులు కట్టబోతున్న అంకారావును వద్దన్నాడు. తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. రూతమ్మ మొదటిసారి ఆ జీపెక్కి, వెనక, ఏలియా తల ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా ఇన్‌స్పెక్టరు వాషరును పిడికిట్లో బిగించే స్టీరింగు తిప్పాడు.

పాక ముందు ఇంజను ఆపి, ఇరుగుపొరుగు వాళ్ళతో కలిసి ఏలియాను లోపలికి మోశారు. గుమ్మం దగ్గర గోపాలకృష్ణయ్యకు వెనక కిర్రుమని వినపడింది. తిరిగి చూశాడు. జీపులో ఎవరూ లేరు.

డ్రైవరు సీటు మీద, దిగేటప్పుడు ఆయన వదిలిన చోటే, ఆయన చెమటతో తడిసి, ఆ ఉబ్బిన రబ్బరు వాషరు ఉంది.