పదకొండో నంబరు మూట

పర్శరాములు అయిదో మూట విప్పేసరికి ముఖానికి కట్టుకున్న మాస్కు గదవ కిందికి జారింది. జారిందనడం మర్యాద కోసం, తనే లాగేసుకున్నాడు. ముక్కు మూసుకుని పొత్తిగుడ్డలు వేరుచెయ్యమనడం, కళ్ళు మూసుకుని బియ్యంలో రాళ్ళేరమనడం ఒకటేనని అతని వాదన. ఆసుపత్రి నేలమాళిగలో ఆ వాదన వినడానికి రెండు ఉతుకుడు మిషన్లు తప్ప మరో నరమానవుడు లేడు. అవి గిర్రున తిరుగుతూ ఊకొట్టేవి.

పొద్దున ఆరున్నర. షార్జా ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నుంచి కంపెనీ బస్సు దింపి అరగంటే అయింది. ఈలోపే పిల్లల వార్డు గుడ్డల్ని మూడు కుప్పలు చేశాడు. ఉత్త ఉచ్చవి వేడినీళ్ళకు, పెరుగువాసనవి సబ్బులో నానడానికి, మందువాసనవి విడిగా. తిప్పి చూసేది లేదు. ముక్కు దగ్గరికి తేవడం, విసరడం. ఎనభై మూడో సంవత్సరంలో ఆ ఆసుపత్రిలో అంత వేగంగా పనిచేసే యంత్రం ఇంకోటి లేదు.

మనిషి సన్నం. నలభై ఏళ్ళకే భుజాలు ముందుకు వంగాయి, వేళ్ళ చివర్లు సబ్బుకు తెల్లగా పాలిపోయి ముడుతలు పడ్డాయి. దేవుడు ఒళ్ళంతా పిసినారితనం చేసి, మిగిల్చిందంతా ముక్కు దగ్గర ఖర్చుపెట్టినట్టున్నాడు. మెట్‌పల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో బెల్లం వండే రోజుల్లో పాకం దించే అదను చెప్పింది ఆ ముక్కే. ఒక్క క్షణం దాటిందా, పెనమంతా మాడిపోతుంది. తర్వాత రైతులంతా చెరుకును ఫ్యాక్టరీకి తోలడం మొదలెట్టారు, గానుగ మూలపడింది, పర్శరాములు దుబాయ్ వచ్చాడు. షార్జా అన్నా అజ్మాన్ అన్నా ఊళ్ళో వాళ్ళకు అన్నీ దుబాయే.

తన చేతికి మొదటిసారి వచ్చిన పదకొండో నంబరు మూట చివర్న విప్పాడు. ఇన్‌ఫెక్షను అనుమానం ఉన్న గదుల గుడ్డలు వేటికవి విడి మూటల్లో, గది నంబరు చీటీతో వస్తాయి. మొదటి గుడ్డ ఎత్తాడు. విసరబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మాడిన బెల్లం.

"అమ్మో, మల్లా గిదేనా!" అన్నాడు పైకే.

అలా అనడానికి కారణముంది. నాలుగు నెలల కిందట ఇలాంటి వాసనే వచ్చిన గుడ్డ పట్టుకుని అతను పరుగెత్తుకుంటూ పిల్లల డాక్టరు ఉస్మాన్ దగ్గరికి వెళ్ళాడు. ఆ సూడాన్ డాక్టరు గుడ్డ వాసన చూసి కుర్చీలోంచి లేచాడు. ఉచ్చ మాడిన చక్కెర వాసన వేసే జబ్బొకటుంది, పుట్టుకతో వస్తుంది, కనిపెట్టకపోతే రెండు మూడు వారాల్లో ప్రాణం తీస్తుంది. ఇంకేం, ఆసుపత్రి అంతా ఉరుకులు పరుగులు. బిడ్డ రక్తం విమానమెక్కి లండన్ పోయింది. తల్లి రెండు వారాలు ఏడ్చింది. చివరికి లండన్ నుంచి వచ్చిన జవాబు, బిడ్డకు ఏ జబ్బూ లేదని. ఉన్నదల్లా అమ్మమ్మ తెచ్చే ఫ్లాస్కు. బాలింతకు పాలు పడాలని ఇక్కడి ఇళ్ళల్లో మెంతులు ఉడికించి ఆ కషాయం తాగిస్తారు. హిల్బా అంటారు. తాగిన తల్లి చెమటకూ, ఆమె పాలు తాగిన బిడ్డ ఉచ్చకూ అచ్చం అదే వాసన!

ఆ రోజు ముదీర్, అంటే ఆసుపత్రి మేనేజరు, అతన్ని ఆఫీసుకు పిలిపించి, "నీ పని ఉతకడం. ముక్కు ఇంకోసారి మేడమీదికొస్తే ఖలాస్, వీసా క్యాన్సిల్," అన్నాడు. ల్యాబులో పనిచేసే గుంటూరు రత్నబాబు ఆ సాయంత్రమే 'ముక్కు డాక్టరు గారూ' అని పేరు పెట్టాడు. క్యాంపులో కూడా కూర మాడితే చాలు, "రాములన్నను పిలువుండ్రి, లండన్‌కు పంపుదాం," అనేవారు.

కాబట్టి పర్శరాములు ఈసారి తెలివిగా పదకొండో నంబరు గుడ్డలన్నీ మిషన్లో కుక్కి తలుపు వేశాడు. "నాకెందుకు? ఉన్న కొలువు ఊడగొట్టుకొని ఊరికి పోతే నా పెండ్లాం కొమురవ్వ ఊకుంటదా?" అని మిషన్నడిగాడు. బటన్ మీద వేలు పెట్టాడు. నొక్కలేదు. మళ్ళీ తలుపు తెరిచాడు.

అప్పటి మూటకూ దీనికీ ఎక్కడో తేడా ఉంది. కింద కూర్చుని ఒక్కొక్కటే ముక్కుకు పట్టించాడు. అప్పుడు ఆ తల్లి దిండుగలీబు, గౌను, దుప్పటి అన్నీ మెంతివాసన కొట్టాయి. ఈ తల్లి దిండుగలీబులో తలనూనె, చెమట, కాస్త అత్తరు. గౌనులో పాలవాసన. మెంతి ఆనవాలే లేదు. వాసనంతా బిడ్డ గుడ్డల్లోనే.

అడుగున మూడు తువాళ్ళు తగిలాయి. తీస్తే పచ్చగా, బంకగా, తడిసి ముద్దయి ఉన్నాయి. వాటినిండా హిల్బా! తువాళ్ళు బాలింతలయ్యాయా ఏమిటని ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. హిల్బా తువాళ్ళు తాగుతున్నాయి. తల్లి తాగడం లేదు. మరి బిడ్డ ఉచ్చలోకి ఆ వాసన ఎక్కడిది?

పెనం అంచున పాకం నల్లబడుతుంటే దించాలా వద్దా తేల్చుకోవలసిన క్షణం లాంటిదే ఇదీ. ఇప్పుడు చెప్పకపోతే ఆ బిడ్డ పోతాడు. చెప్పి తప్పయితే తను పోతాడు. రెండోదానికి కనీసం విమానం టికెట్టన్నా ఇస్తారు.

సర్వీసు లిఫ్టులో పైకెళ్ళి, మగవాళ్ళు దాటకూడని తలుపు దగ్గర ఆగి, లోపలికి తొంగిచూశాడు. సంతోషకుమారి కనబడింది. అమలాపురం దగ్గర పిల్ల, ఆ వార్డులో నర్సు.

"సిస్టరమ్మా, జెర ఇటు రా."

"ఏంటి రాములన్నా, ఇక్కడికెందుకొచ్చావు? ముదీర్ చూశాడంటే ఇద్దరికీ ఉద్వాసనే!"

"పదకొండుల పోరడెట్లున్నడు?"

ఆమె ముఖం వాడిపోయింది. "ఏం బాలేదన్నా. తొమ్మిదో రోజు బిడ్డ. పాలు పట్టడం మానేశాడు. చేతులు కర్రల్లా బిగుసుకుపోతున్నాయి. ఇన్‌ఫెక్షనని ఇంజక్షన్లిస్తున్నాం, మూడు రోజులైంది, గుణం లేదు."

"బెల్లం వాసనొస్తున్నది."

"మళ్ళీ మొదలెట్టావా? వాళ్ళత్తగారు రోజుకు మూడు ఫ్లాస్కులు పట్టిస్తోందయ్యా కోడలికి! డాక్టరుగారూ అడిగారు. చుక్క మిగల్చకుండా తాగుతోందని ఖురాను మీద ఒట్టేసి చెప్పింది ఆవిడ."

పర్శరాములు మూట విప్పి తువాళ్ళు ఆమె చేతిలో పెట్టాడు. "తాగింది గివి."

సంతోషకుమారి ఒక తువాలు వాసన చూసింది. ఇంకోటి పిండింది. పచ్చటి చుక్కలు బూటు మీద పడ్డాయి. ముక్కు మీద వేలేసుకుని, మరో మాట లేకుండా గదిలోకి పరుగెత్తింది.

తలుపు సందులోంచి అతనికి కనబడింది సగం గదే. మంచం మీద పద్దెనిమిదేళ్ళ తల్లి మౌజా, పక్కన కుర్చీ నిండా అత్తగారు, ఆమె ఒడిలో ఫ్లాస్కు. బిడ్డ తొట్టి తెర అవతల ఉంది. సంతోషకుమారి తనకొచ్చిన ముక్కలు ముక్కల అరబ్బీలో తువాలు చూపించి ఏదో అడిగింది. మౌజా తల అడ్డంగా ఊపింది. అత్తగారు అంతకంటే గట్టిగా నిలువుగా ఊపింది. మళ్ళీ అడిగింది. ఈసారి మౌజా అత్తగారి వైపు చూసి, తువాలు వైపు చూసి, దుప్పటి ముఖం మీదికి లాక్కుని భోరుమంది. హిల్బా అంటే ఆమెకు డోకు. వారం నుంచీ అత్తగారు నమాజుకు లేచినప్పుడల్లా కప్పు తువాల్లో ఒంపి మంచం కింద తోస్తోంది.

అత్తగారు లేచి నిలబడింది. ఆ కేకలకు అర్థం తెలియాలంటే అరబ్బీ రానక్కర్లేదు, అత్తగారంటే ఏమిటో తెలిస్తే చాలు. వారం రోజుల మెంతులు, వారం రోజుల పొయ్యి, వారం రోజుల అబద్ధం! ఆ గొడవకే డాక్టర్ ఉస్మాన్ వచ్చాడు. సంతోషకుమారి తువాలు చూపించింది. ఆయన అత్తగారిని ఒక్క చెయ్యెత్తి ఆపి, మౌజాను మెల్లిగా రెండు ప్రశ్నలడిగాడు. జవాబులు విని ఆయన నల్లటి ముఖం బూడిదరంగుకు తిరిగింది.

ఆ జవాబులు తర్వాత సంతోషకుమారి చెప్పింది. మొగుడు ఆమె పినతండ్రి కొడుకే. ఇంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ రెండో వారంలోనే పోయారు. దిష్టి తగిలిందనుకున్నారు.

తర్వాత మూడు గంటలపాటు ఆసుపత్రి యావత్తూ ఒక పసివాడి ఉచ్చ కోసం ఎదురుచూసింది. పరీక్షకు గుడ్డలోది పనికిరాదు, ప్లాస్టిక్ సంచి అంటించి పట్టాలి. రోజూ అడక్కుండా పోసేవాడు అడిగిన రోజు బిగబట్టాడు. మొత్తానికి పదిన్నరకు రెండు చెంచాలంత వచ్చింది. రత్నబాబు దాన్ని గాజుగొట్టంలో పోసి, మందు చుక్కలు వేసి, దీపానికెదురుగా పట్టుకున్నాడు. పర్శరాములు ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికి ఎవరూ అతన్ని పొమ్మనడం లేదు.

నీళ్ళలా ఉన్నది కాస్తా చిక్కటి పసుపురంగు మబ్బయి గొట్టం అడుక్కి దిగింది.

రత్నబాబు గొట్టాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టాడు. "నవ్విన నాపచేనే పండిందయ్యా," అన్నాడు. "ఏవండీ డాక్టరు గారూ, లోపలికి రండి, కూర్చోండి." ఈసారి ఆ మాటలో వెటకారం లేదు. దానికే పర్శరాములుకు భయం వేసింది.

"అంటే ఉన్నట్టేనా? జబ్బు?"

"ఉన్నట్టే. లండన్ వాళ్ళు కూడా చూస్తారనుకో. పాలల్లో ఉండే సారం కొంత ఆ బిడ్డకి అరగదు. అరగనిది రక్తంలో పేరుకుని మెదడుని చంపేస్తుంది. తల్లి పట్టే పాలే విషం."

"తల్లిపాలా?"

"ఆ. అమ్మలోనూ అయ్యలోనూ చెరో లోపం దాక్కునుంటుంది. వాళ్ళకేం కాదు. రెండూ కలిసి బిడ్డకొస్తేనే ముప్పు. దగ్గరి సంబంధాల్లో ఎక్కువ."

కొమురవ్వ అతని సొంత మేనమామ కూతురు. పర్శరాములు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఊళ్ళో తమ ఇద్దరు ఆడపిల్లలూ చెట్లెక్కి దిగుతున్నారని పోయిన ఉత్తరంలోనే రాయించింది. ఎన్నడూ లేనిది, ఆ చెట్లెక్కడం అతనికి మహా సంతోషంగా తోచింది.

పాలు ఆపేశారు. చక్కెరనీళ్ళు నరానికి ఎక్కించారు, ఇంకా పెద్ద వైద్యాలేవో చేశారు. అత్తగారు ఫ్లాస్కు మూత బిగించి, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, ఆమె కంటే ఎక్కువ ఏడ్చింది. ముదీర్ మర్నాడు స్వయంగా నేలమాళిగలోకి దిగొచ్చాడు. పర్శరాములు చేతిలో గుడ్డ వదిలేసి లేచి నిలబడ్డాడు. ముదీర్ అతని గదవ కింద వేలాడుతున్న మాస్కును చూశాడు, చూపుడువేలెత్తాడు, ఏదో అనబోయి "షుక్రన్, థాంక్యూ" అనేసి, మెట్లెక్కి పోయాడు.

పదకొండో మూట రోజూ వస్తూనే ఉంది. పర్శరాములు దాన్నే ముందు విప్పేవాడు. రెండో రోజు వాసన తగ్గలేదు. మూడో రోజు తగ్గిందో, తన ఆశే ముక్కును మోసం చేస్తోందో తేల్చుకోలేకపోయాడు. అయిదో రోజు మూట రాలేదు. అతను మిషన్లు రెండూ ఆపేసి, ఉతికిన దుప్పట్లు భుజాన వేసుకుని లిఫ్టెక్కాడు. ఏం విన్నా నిలబడే వినాలని పళ్ళు బిగించాడు.

"అరగంటయిందన్నా వెళ్ళి," అంది సంతోషకుమారి. "లండన్ విమానం. వాడికి సరిపడే పాలపిండి అక్కడే దొరుకుద్దంట. తల్లీ అత్తా కూడా వెళ్ళారు."

"పాణానికేం కాదు గదా?"

"చెప్పలేం. కానీ రాత్రి ఏడ్చాడు. ఎంత గట్టిగా ఏడ్చాడనుకున్నావు! వార్డంతా లేపేశాడు, దొంగసచ్చినోడు."

పర్శరాములు దుప్పట్లు కిందపెట్టాడు. "ముఖం ఎట్లుంటది సిస్టరమ్మా?"

"పసిపిల్లల ముఖం ఎలా ఉంటుందన్నా? నీకు తెలీదా, ఇద్దరు పిల్లల తండ్రివి."

తెలియదు. పెద్దది పుట్టినప్పుడు అతను ఇక్కడ, చిన్నది పుట్టినప్పుడూ ఇక్కడే. సెలవు మీద ఊరికి పోతే పెద్దది నడుచుకుంటూ వచ్చి ఎవరీయన అని అడిగింది. చిన్నది కొంగు చాటుకు పోయింది. ఏడేళ్ళుగా రోజుకు వందమంది పసివాళ్ళ గుడ్డలుతికాడు గానీ, ఒక్కడి ముఖమూ చూడలేదు. అతను పదకొండో గది తలుపు వైపు చూశాడు.

సంతోషకుమారి అతని ముఖం చూసి తలుపు తెరిచి పట్టుకుంది. "ఖాళీయేగా, పో అన్నా. దుప్పటి మార్చు."

గదిలో మంచం, కుర్చీ, తెర. తెర అవతల తొట్టి. అందులో బిడ్డ పడుకున్న చోట పరుపు చిన్నగా గుంటపడి ఉంది. హడావుడిలో చివరిసారి మార్చిన గుడ్డ తియ్యడం మరిచిపోయారు. పర్శరాములు దాన్ని రెండు చేతులతో ఎత్తి, కళ్ళు మూసుకుని, ముక్కుకు పట్టించాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. బెల్లం లేదు. పాకం లేదు. ఉత్త ఉచ్చ. లోకంలో అందరు పిల్లలూ పోసే పాడు ఉచ్చ!

ఆ గుడ్డ వేడినీళ్ళ కుప్పలోకి పోవలసింది. ఉతికితే ఆ వాసనా పోతుందని అతను దాన్ని తీసుకుపోలేదు. విదిలించి, తొట్టి కడ్డీ మీద పరిచి, దుప్పటి మార్చి బయటికొచ్చాడు. కడ్డీ మీద గుడ్డ మధ్యలో, అరచేతంత తడి ఇంకా ఆరలేదు.