అటు కొస

నీళ్ళు నింపిన మట్టం ట్యూబు చుట్టలు విప్పి నేల మీద పరిచి, ఆమె ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చింది. పెసరగింజంత బుడగ ఒకటి మధ్యలో నక్కి కూర్చుంది. గోటితో మీటి, ట్యూబు పైకెత్తి, దాన్ని బయటికి తరిమేసింది. బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది. ఆమె మొగుడు మేస్త్రి. ఆయన చూపు మందగించి రెండేళ్ళయింది. ఆయన మాత్రం ఒప్పుకోడు. అందుకే ఇవాళ నీళ్ళలో నీలిమందు కాస్త ఎక్కువే కలిపింది.

మట్టం చూడాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పునాది మీది గుర్తు దగ్గర ఒక కొస పట్టుకుని నిలబడాలి. రెండోవారు ఇంకో కొసతో మేకు మేకుకీ తిరిగి గీత పెట్టాలి. గీతలు పెట్టేది మేస్త్రి, నిలబడేది ఆమె. ముప్పయ్యేళ్ళుగా నిలబడుతూనే ఉంది. వేళాకోళం చేసేవాళ్ళు ఆమెను ‘అటు కొస’ అనేవారు. నీరు పల్లమెరుగు అని సామెతైతే ఉంది గానీ, ఇంటి చుట్టూ పల్లం ఎటుండాలో తేల్చేది ఈ ఇద్దరే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా.

కిందటి ఇంటి దగ్గర కూడా ఇలాంటి బుడగే ఆమె కంటబడింది. యజమాని పక్కనే ఉన్నాడు. అతని ముందు మొగుణ్ణి చిన్నబుచ్చలేక నోరు మూసుకుంది. మొదటి వానకే నీళ్ళు వెనక్కి తిరిగి వంటింట్లో దూరాయి. అది మొదలు నాలుగు నెలలపాటు వాళ్ళను పిలిచిన నాథుడు లేడు. తన లెక్కే తప్పిందనుకుని మేస్త్రి అన్నం సయించక లేచిపోతుంటే, బుడగ మాట ఆమె గొంతు దాకా వచ్చి ఆగిపోయేది.

ఇప్పుడు ఇంటి చుట్టూ వాననీటి కాలువకు మట్టం తీసే ఈ పని దొరికింది. పొలాల మధ్య ఒంటరి ఇల్లు, వాకిలి కంటే పెరడు ఎత్తు. వెనక గదిలో యజమాని తల్లి మంచాన పడి ఉంది. పోయిన వానాకాలం ఆ మంచం కాళ్ళు మూడు రోజులు నీళ్ళలో నానాయట. మబ్బులు అప్పుడే కమ్ముకొస్తున్నాయి. ఈ ఒక్క పనీ నిలబడితే పోయిన పేరు తిరిగొస్తుంది. లేదంటే ట్యూబు చుట్టి అటక మీద పడెయ్యడమే.

"నీరు ఆగిందా?" ఇంటి వెనక నుంచి మేస్త్రి కేక.

"ఆగింది!"

మధ్యలో ఇల్లు అడ్డం. మనిషి కనబడడు, గొంతే వినబడుతుంది. మేకు మేకుకీ గీత రెండు వేళ్ళు దించుకుంటూ పోతే, పొద్దెక్కేసరికి ఆరు మేకులయ్యాయి. ఆయన ఒకసారి ఇటు వచ్చి నీళ్ళు తాగి, ఎడమ భుజం పిసుక్కున్నాడు.

"కాసేపు కూర్చోవయ్యా. మేకులెక్కడికీ పారిపోవులే."

"మేకులు పారిపోవే. వాన ఆగుతుందా?" అంటూ వెళ్ళిపోయాడు.

ఏడోది చివరిది. ఆమె కొసను గుర్తుకు ఆనించింది. నీళ్ళు పైకీ కిందకీ ఊగి నిలిచాయి.

"ఆగింది!"

జవాబు లేదు. నిలిచిన నీళ్ళు దిగసాగాయి. బెత్తెడు దిగాయి, జానెడు దిగాయి.

"ఏమయ్యో, కొస దించేశావేంటి! నీళ్ళన్నీ పోతున్నాయి!"

ఆమె చేతిలో ట్యూబు ఖాళీ అయింది. అప్పుడు భయం వేసింది. కొస వదిలేసి పరుగెత్తింది.

మేస్త్రి చివరి మేకు పక్కన ఒత్తిగిలి పడుకున్నట్టున్నాడు. తల ఒళ్ళోకి తీసుకుని పిలిచింది. చెంప తట్టి మళ్ళీ పిలిచింది. ఆయన పలకలేదు.

మధ్యాహ్నానికి మనుషులొచ్చారు, బండి వచ్చింది. ఆయన్ని ఎక్కించాక యజమాని చేతులు నలుపుకుంటూ ఆమె దగ్గరకొచ్చాడు. వెనక గదిలో తల్లి దగ్గుతోంది.

"ఇప్పుడు అడగకూడదు గానీ అమ్మా... ఆ చివరి మేకు..."

ఆమెకు కోపం రాలేదు.

"ఆరోదాని కంటే గీత రెండు వేళ్ళు దించండి. ముందు ట్యూబులో బుడగ లేకుండా చూసుకోండి బాబూ. కిందటి ఇంటి దగ్గర బుడగ ఉంది. నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు. ఆయన లెక్క తప్పలేదు."

ఆ మాట వినాల్సిన మనిషికి బండిలో దుప్పటి కప్పేశారు. ఆమె ఎక్కి పక్కన కూర్చుంది, బండి కదిలింది.

ట్యూబులోంచి ఒలికిన నీళ్ళు ఇంటి వైపే పారి, వెనక గది గోడ మొదట్లో మడుగు కట్టాయి. మేస్త్రి చెవి మీద నుంచి జారిపడ్డ పొట్టి పెన్సిలు అందులోకి కొట్టుకొచ్చి తేలుతోంది.